పుట్టింటి గంగాళంలో పీస్ లిల్లీ

మా అత్తింటివాళ్ళు ఏం కొన్నా రెండు సైజులు పెద్దది కొంటారు. బళ్ళో వేసిన పిల్లాడికి యూనిఫాం కొంటే చొక్కా చేతులు అరచేతుల్ని దాటి వేలాడాలి. “పెరుగుతాడుగా” అంటారు. పిల్లాడు పెరిగి చొక్కాకి సరిపోయే వేళకి చొక్కా చిరిగిపోతుంది. చెప్పులు కొంటే ముందు భాగంలో దూది కూరుకుని నడవాలి. మా పెళ్ళి రిసెప్షన్‌కి మావారు వీరేంద్ర వేసుకున్న కోటులో ఇంకొకాయనకి కూడా చోటుంది. నాకు అప్పుడే అర్థం కావలసింది. కానీ పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చోవాలి కదా, నాకు ఆయన బూట్ల దాకానే కనిపించింది. బూట్లు కూడా పెద్దవే.

మా బావగారి పేరు బుల్లిబాబు. మనిషి ఆరడుగులు. నందిగామలో మిరపకాయల వ్యాపారం. ఈమధ్యనే మూడంతస్తుల ఇల్లు కట్టారు. అందులో ఉండేది ఆయన, మా తోడికోడలు రోజారమణి, ఒక వాషింగ్ మెషీను. పై రెండంతస్తుల్లో ఎవరుంటారని అడిగితే “రేపెప్పుడైనా పనికొస్తాయి” అన్నారు. ప్రస్తుతానికి పావురాలకు పనికొస్తున్నాయి.

ఆ ఇంటి గృహప్రవేశంతోనే నా మొక్కకి చావొచ్చింది.

మొక్క సంగతి చెప్పాలి. నాతో పాటు బీయస్సీ బాటనీ చదివిన మెర్లిన్ ఆరేళ్ళ కిందట ఒక పీస్ లిల్లీ పిలక ఇచ్చింది. అప్పటికి దానికి రెండంటే రెండాకులు. ముదురాకుపచ్చ ఆకులు, తెల్లటి దొప్పలాంటి పువ్వు, ఎండ అడగదు, కిటికీ పక్కన వెలుతురుంటే చాలు. జగ్గయ్యపేటలో మా వంటింటి కిటికీలో పెట్టా. ఈ ఊళ్ళో సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము మనుషుల మీదే పేరుకుంటుంది, ఇక ఆకులెంత? వారానికోసారి తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేదాన్ని. “మా మొహం కూడా ఇంత శ్రద్ధగా చూడవు” అని మావారు అనేవారు. అది నిజమే. తుడిస్తే ఆకు మెరిసేది.

మా ఇంట్లో స్టీలు గ్లాసు తీస్తే దాని మీద మా అత్తగారి పేరు చెక్కి ఉంటుంది. పళ్ళెం తీస్తే మా ఆడపడుచు పేరు. టిఫిన్ క్యారియరు మీద ఎవరిదో షష్టిపూర్తి తేదీ. నేను రోజూ తోమే సామాన్లలో నా పేరున్నది ఒక ఇడ్లీ రేకు, అది కూడా స్పెల్లింగ్ తప్పు. ఎవరి పేరూ చెక్కకుండా పూర్తిగా నాదైన వస్తువు ఆ ఇంట్లో ఆ మొక్క ఒక్కటే.

ఈ ఏడు దాని వేళ్ళు కుండీ అడుగు చిల్లులోంచి బయటికి తొంగి చూశాయి. ఆరంగుళాల కుండీ ఇరుకైందన్నమాట. ఎనిమిదంగుళాలది కొందామని హైవే పక్కన కుండీలమ్మే చోటికి మావారిని తీసుకెళ్ళా. అదే పొరపాటు. ఒంటరిగా వెళ్ళాల్సింది.

“ఇదేంటి, పచ్చడి జాడీలా ఉంది. అదిగో, ఆ పెద్దది తీసుకుందాం” అన్నారు మావారు, గేదె కుడితి తాగే తొట్టి లాంటిదాన్ని చూపించి.

“అంత పెద్దదొద్దండి. వేళ్ళ ముద్ద చుట్టూ అంగుళం సందుంటే చాలు.”

“కొనేదేదో ఒకేసారి పెద్దది కొంటే పోలా? పెరుగుతుందిగా.”

“అది చొక్కా కాదండి. కుండీ పెద్దదైతే మట్టెక్కువ పడుతుంది. మట్టి మొత్తం తడుస్తుంది, ఆ తడి తాగడానికి అన్ని వేళ్ళుండవు. తడి ఆరక వేళ్ళు కుళ్ళిపోతాయి.”

ఆయన కుండీలమ్మే మనిషి వైపు తిరిగి నవ్వారు. “మా ఆవిడ బాటనీ అండి. నాకు ఎరువులు, పురుగుమందుల షాపు. పొద్దున లేస్తే రైతులకి నేను చెప్తా. నాకు ఈవిడ చెప్తుంది.”

మావారి మాట విని పత్తి వేసిన రైతులు కొందరు ఇప్పుడు షాపు ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి వెళ్తున్నారు. ఆ సంగతి కుండీలాయన ముందు ఎందుకని “పదండి, పోదాం” అన్నా. ఏ కుండీ కొనకుండానే ఇంటికొచ్చాం.

మర్నాడే మా రోజారమణక్క గృహప్రవేశానికి బొట్టు పెట్టి పిలవడానికి వచ్చింది. నాకు బొట్టు పెట్టి, పండూ తాంబూలం చేతిలో పెట్టి, ఆ చేత్తోనే కిటికీ వైపు చూపించింది.

“ఉషా, ఇది భలే ఉందే! మా సింహద్వారం దగ్గర పెడితే ఎట్టా ఉంటదంటావ్?”

“అక్కడ ఎండెక్కువక్కా...”

నా మాట పూర్తి కాలేదు. మావారు హాల్లోంచే కేకేశారు. “తీసుకెళ్ళండి వదినా! దానికేం భాగ్యం! మొక్కేగా.”

మొక్కేగా. ఆయన బైకుని ఎవరైనా పక్కసందు దాకా అడిగితే మూడు రోజులు నిద్ర పట్టదు. నా మొక్కని ఇచ్చెయ్యడానికి మూడు క్షణాలు పట్టింది. బొట్టు పెట్టి పిలవడానికొచ్చిన మనిషిని, ముత్తైదువని, ఒట్టి చేతులతో పంపకూడదట. మరి ఆవిడ చేతులు ఒట్టివి కావు. ఒక చేతిలో కుంకుమ భరిణె, ఇంకో చేతిలో నా మొక్క.

గృహప్రవేశం నాడు వెళ్ళి చూద్దునుగా, గుమ్మం పక్కన పేద్ద ఇత్తడి గంగాళం. రోజారమణక్క పెళ్ళికి వాళ్ళమ్మ రత్తమ్మగారు చందర్లపాడు నుంచి సారెతో పంపింది. నలుగురు మనుషులకి నీళ్ళు కాచేంతది. కడుపు మీద బారుగా చెక్కించారు: “చి.సౌ. రోజారమణికి తల్లి రత్తమ్మ, చందర్లపాడు.” ఆ అక్షరాలు గేటువైపుకి తిరిగి ఉండేట్టు గంగాళాన్ని నిలబెట్టారు. లోపల చిన్న మడికి సరిపోయేంత నల్లరేగడి మన్ను నింపారు. దాని నడిమధ్యలో నా పీస్ లిల్లీ, తప్పిపోయి పెళ్ళివారి బస్సెక్కిన మనిషిలా నిలబడి ఉంది.

“ఇల్లు ఎంతుందో కుండీ అంతుండొద్దూ?” అంది రోజారమణక్క నాతో.

“కుండీ మొక్కెంతుందో అంతుండాలక్కా.”

“మొక్కనెవరు చూస్తారే? వచ్చేవాళ్ళు గుమ్మం చూస్తారు.”

నేను వంగి గంగాళం అడుగు చూశా. “పోనీ అడుగున చిల్లన్నా పెట్టించారా?” అని అడిగా.

అడక్కూడని మాట అడిగానని చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసిన తీరుతోనే తెలిసింది. సోఫాలో కూర్చున్న రత్తమ్మగారు లేచి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం ముప్పై దగ్గర ఆగింది.

“ఏమ్మాయ్! పుట్టింటోళ్ళిచ్చిన ఇత్తడికి చిల్లు పెట్టమంటన్నావా?”

“నీళ్ళు పోవడానికి పిన్నిగారూ. లేకపోతే అడుగున నిలవుండిపోతాయి.”

“పుట్టింటి గంగాళానికి చిల్లు పడితే పుట్టింటికి చిల్లు పడ్డట్టే. నా కొడుకులున్నారు, మనవళ్ళున్నారు. కొత్తింట్లో, శుభమా అని ఇట్టాంటి మాటలేంటమ్మా!”

“ఆవిడ బాటనీ అత్తయ్యా” అన్నారు బుల్లిబాబు బావగారు, జబ్బు పేరు చెప్పినట్టు.

మావారు అప్పుడే జేబులోంచి పొట్లం తీశారు. షాపులోంచి తెచ్చిన డీఏపీ ఎరువు. రెండు పిడికిళ్ళు గంగాళంలో చల్లి, చేతులు దులుపుకుని, “ఇహ చూస్కో అన్నయ్యా, నెలలో గుమ్మం దాటేస్తది” అన్నారు. ఎకరానికి బస్తానా, రెండు బస్తాలా అని లెక్కలు చెప్పే మనిషికి పిడికెడు ఎక్కువో తక్కువో తెలియదు. నాలుగాకుల మొక్కని ఎకరం మిరపతోట అనుకున్నారు పాపం.

భోజనాలయ్యాయి. చేతులు కడుక్కునే చోట జనం ఎక్కువయ్యారు. కొంతమంది వచ్చి తీరిగ్గా గంగాళంలో కడుక్కున్నారు. నేను చూస్తూనే ఉన్నా. “మొక్కకేగా పోయేది” అన్నాడొక పెద్దమనిషి, నాకు ఉపకారం చేసినట్టు నవ్వి.

ఇంటికొచ్చాక మెర్లిన్‌కి ఫోన్ చేసా. అది ఇప్పుడు బళ్ళో సైన్సు చెప్తోంది.

“ఎన్నంగుళాల దాంట్లో పెట్టారే?”

“గంగాళంలో.”

“చిల్లుందా?”

“లేదు. డీఏపీ ఉంది. సాంబారు కూడా ఉంది.”

“ఆదివారం ప్రార్థనలో పెడతాలే” అంది మెర్లిన్. అంతకంటే శాస్త్రీయమైన సలహా ఎవరూ ఇవ్వలేరు.

వారం తిరక్కుండానే రోజారమణక్క ఫోన్ చేసింది.

“ఉషా, నీ మొక్కేందే, ఆకులు వేలాడేసింది?”

ఇచ్చేదాకా ‘ఇది’, ఇచ్చాక ‘మా మొక్క’, వేలాడగానే ‘నీ మొక్క’.

“నీళ్ళెక్కువయ్యాయక్కా. పోయడం ఆపెయ్యండి. కుదిరితే తీసి చిన్న కుండీలో...”

“ఎక్కువేంటే! దాహంతో వేలాడతంటే! పనమ్మాయి ఒక చెంబు పోస్తంది, మీ బావగారు వాకింగ్ నుంచొచ్చి ఒక చెంబు పోస్తన్నారు, నేను సాయంత్రం ఒక చెంబు. ఇంత చూసినా దానికి విశ్వాసం లేదు.”

నిజమే, పీస్ లిల్లీకి దాహమేసినా ఆకులు వేలాడతాయి, వేళ్ళు కుళ్ళినా వేలాడతాయి. ఏదో తెలియాలంటే మట్టిలో వేలు పెట్టి చూడాలి. కానీ ఆ ఇంట్లో వేళ్ళకి ఉంగరాలున్నాయి, మట్టి అంటకూడదు. అందుకని వేలాడినకొద్దీ పోశారు, పోసినకొద్దీ వేలాడింది.

తర్వాతి ఫోన్ మావారికొచ్చింది. ఆయన స్పీకర్ పెట్టడం మర్చిపోలేదు. ఇలాంటివి నేను వినాలని ఆయనకి మహా కోరిక.

“ఆకులు పసుప్పచ్చైపోయినయ్ వీరేంద్రా. మా అత్తగారు చూసి దిష్టంది. దిష్టి కూడా బయటోళ్ళది కాదంట. ఇచ్చేటప్పుడు మనసులో ఏదో పెట్టుకుని ఇచ్చినోళ్ళదంట” అన్నారు బావగారు.

“ఛ ఛ, ఉష అట్టాంటిది కాదన్నయ్యా” అన్నారు మావారు, నా వైపు అనుమానంగా చూస్తూ.

మొక్కకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. మిరపకాయల వ్యాపారం కాబట్టి దండిగా కట్టారు. అసలే నడుం విరిగిన మొక్క ఆ బరువుకి ఇంకాస్త వంగింది. వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. అప్పటికి మూడాకులు మిగిలాయి. వాటిలో ఒకటి మధ్యలోంచి పైకి లేచిన లేత ఆకు, ఇంకా చుట్ట విప్పలేదు. అది ఆకుపచ్చగానే ఉంది. అంటే లోపల ఎక్కడో నాలుగు వేళ్ళు బతికున్నాయి. ఇంకో వారమైతే అవీ ఉండవు.

ఆ ఫోటో చూసి నేను కూర్చుని ఆలోచించా. మొక్క చచ్చిపోతోందంటే ఆ ఇంట్లో ఎవరికీ పట్టదు. వేళ్ళ గురించి చెప్తే బాటనీ అంటారు. తిరిగివ్వమంటే దిష్టి రుజువైపోతుంది. మరి ఆ ఇంట్లో దేనికి ఏమైతే ప్రాణం పోయినంత పనవుతుంది? జవాబు గేటువైపుకి తిరిగి, అక్షరాలతో సహా ఎదురుగానే ఉంది.

రత్తమ్మగారు కూతురింటికి ఎప్పుడొస్తుందో కనుక్కున్నా. శుక్రవారం వస్తుందన్నారు. శుక్రవారం పొద్దున నిమ్మకాయంత చింతపండు ముద్ద కవర్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, ఒక గుడ్డసంచీ మడిచి పెట్టుకుని, నందిగామ బస్సెక్కా.

వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. నేను కాళ్ళు కడుక్కుని వచ్చి, రత్తమ్మగారి పక్కన చాప మీద కూర్చుని, ఆవిడ మోకాళ్ళ నొప్పులు అడిగి, మనవళ్ళ చదువులు అడిగి, కాఫీ తాగి, చింతపండు పొట్లం తీసి ఆవిడ ముందు పెట్టా.

“ఇదేంటమ్మాయ్?”

“ఏం లేదు పిన్నిగారూ. మా ఇంట్లో పాత చింతపండుంటే గంగాళం తోమడానికి పనికొస్తుందని తెచ్చా.”

“గంగాళానికేమైంది?”

“ఏమీ కాలేదండి. కొంచెం చిలుం పట్టుద్ది కదా, మట్టి పోసింతర్వాత. ఎరువు కూడా వేశారాయె.” రోజారమణక్క వైపు చూడకుండానే చెప్పా. “అయినా పైకేం కనపడదులెండి. అక్షరాలున్న వైపు నిగనిగలాడుతూనే ఉంది.”

రత్తమ్మగారు చిక్కుడుకాయల చేట పక్కకి నెట్టింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఒక్క ఊపున లేచి గుమ్మం దగ్గరికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళి, అడక్కుండానే పక్కనున్న గరిటె అందించా. ఆవిడ గంగాళం అంచు వెంట మట్టి గీకింది. అంచు చుట్టూ, పట్టుచీర బోర్డరు లాగా, చిక్కటి ఆకుపచ్చ చిలుం. ఇంకాస్త లోతుకి గీకితే నల్లగా, మురుగు కాలవ వాసనేసింది.

“ఏమేవ్ రోజా!”

ఆ కేక మూడంతస్తుల్లోనూ వినబడింది. పావురాలు లేచిపోయాయి.

“నీ పెళ్ళికని గుంటూరు నుంచి తెప్పించి, దగ్గర కూర్చుని పేరు చెక్కించానే! బురద కలుపుకోవడానికా? ఎరువెవడే వేసింది ఇందులో?”

“నేను కాదమ్మా, వీరేంద్ర...”

“పురుగుమందుల కొట్టోడు చెప్తే నీ బుద్ధేమైంది? గేదెకి గడ్డేసే తొట్టనుకున్నావా, పుట్టింటి గంగాళమనుకున్నావా?”

“గుమ్మానికి అందంగా ఉంటుందని కదమ్మా. నువ్వే కదా బాగుందన్నావ్.”

“అక్షరాలు బాగున్నాయన్నా. లోపల ఇంత చిలుం పడతందని నాకేం తెలుసు! ముందు కుమ్మరించు దాన్ని. ఆ గడ్డీ గాదం అవతల పారెయ్!”

బుల్లిబాబు బావగారు బయటికొచ్చి, అత్తగారి మొహం చూసి, ఫోన్ రాకపోయినా చెవి దగ్గర పెట్టుకుని లోపలికెళ్ళిపోయారు. పనమ్మాయీ, రోజారమణక్కా, నేనూ కలిసి గంగాళాన్ని పక్కకి వంచాం. నల్లటి నీళ్ళు గ్రానైటు మెట్ల మీదుగా పారాయి. వెనకాలే నిమ్మకాయ, మిరపకాయలు, గృహప్రవేశం నాటి వక్కపొడి కవరు, ఆఖర్న నా మొక్క.

“ఈ గడ్డి నేను పారేస్తాలే అక్కా. దిష్టి తగిలింది గుమ్మంలో ఉండకూడదు” అన్నా, సంచీ విప్పుతూ.

“తీసుకుపో తల్లీ” అంది రోజారమణక్క. ఆ మూడంతస్తుల ఇంట్లో మనస్ఫూర్తిగా నాకిచ్చింది అదొక్కటే.

“మంచి పిల్ల. చింతపండు తెచ్చింది చూడు, అడక్కుండా” అంది రత్తమ్మగారు. గంగాళం బోర్లించి, అక్షరాల దగ్గర కొంగుతో తుడుస్తోంది. నా మొక్క వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

తిరుగు బస్సులో కండక్టరు నా ఆధార్ చూసి, ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి జీరో టికెట్ కొట్టి, ఒళ్ళో సంచీ వైపు చూశాడు. ఆకు తల బయటికుంది.

“దానికమ్మా?”

“మొక్కండి.”

“ఆడదా, మగదా?”

“రెండూనండి. ఒకే పువ్వులో రెండూ ఉంటాయి.”

“అయితే హాఫ్ టికెట్ కొట్టాలేమో” అని నవ్వి, “ఇంతకీ బతుకుద్దా?” అన్నాడు.

ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి అతనే. “ఏమో అండి, చూడాలి” అన్నా.

ఇంటికొచ్చి పంపు కింద వేళ్ళు కడిగా. ముప్పాతిక మువ్వీసం కుళ్ళిపోయాయి, పట్టుకుంటే పైతోలు జారిపోతోంది. కత్తెరతో కోసేశా. తెల్లగా, గట్టిగా ఉన్నవి గుప్పెట్లో పట్టేన్నే మిగిలాయి. ఇక ఎనిమిదంగుళాల కుండీ ఎందుకు, పాత ఆరంగుళాలదీ ఎక్కువే. మెర్లిన్ మొదట్లో పిలక పెట్టిచ్చిన నాలుగంగుళాల బుల్లి మట్టికుండీ అటక మీద ఉంటే దించా. పొడిమట్టి, ఇసుక కలిపి పెట్టా. ఒక్క గ్లాసు నీళ్ళు పోసి, అడుగు చిల్లులోంచి కారేదాకా చూసి, వంటింటి కిటికీలో దాని చోట దాన్ని పెట్టా.

మావారు సాయంత్రం వచ్చి చూశారు. “ఇంత మొక్కకి టీకప్పంత కుండీయా! అది ఊపిరి పీల్చుకోవద్దూ?”

“పీల్చుకోవడానికే పెట్టానండి. మీరు మాత్రం జేబులోంచి చెయ్యి తియ్యకండి.”

పెద్దాకులు రెండూ రాలిపోయాయి. చుట్టలా ఉన్న లేతాకు మాత్రం అలాగే నిలబడింది, విచ్చుకోదు, వాడదు. నేను పొద్దున్నే మట్టిలో వేలు పెట్టి చూడడం, తడుంటే చెంబు దించేయడం. దాని కోసం చేసిందల్లా అదే, ఏమీ చెయ్యకపోవడం. మా అత్తింట్లో ఎవరికీ చేతకాని పని అదొక్కటే. మిరపకాయలు కోతకొచ్చే రోజుల్లో, ఒక పొద్దున పాలు పొంగుతుంటే అటు తిరిగి చూశా. ఆకు విప్పుకుంది. అరచేతిలో సగం కూడా లేదు. తడిగుడ్డ తెచ్చి తుడిచా, దుమ్ము లేకపోయినా.

నందిగామలో గంగాళం ఇప్పుడు తళతళా మెరుస్తూ గుమ్మం దగ్గరే ఉంది. అందులో నీళ్ళు పోసి ప్లాస్టిక్ తామరలు వదిలారు. రోజారమణక్క వీడియో కాల్‌లో చూపించింది. “చూశావా ఉషా, ఇవైతే ఎంత నీళ్ళు పోసినా ఏం కాదు!” ఆ ఇంటికి తగ్గ మొక్కలు దొరికాయని చెప్పా. మా అక్క సంతోషించింది.

మావారికి మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. నోటితో చెప్పే అలవాటు వాళ్ళింట్లో లేదు, అందుకని ఒకరోజు పొద్దున్నే షాపు ట్రాలీ ఆటోలో కుండీ వేసుకొచ్చారు. ఇద్దరు మనుషులు దించారు. హైవే పక్కన ఆ రోజు చూపించిన కుడితి తొట్టే.

“నీ మొక్కకేనే. చిల్లు కూడా ఉంది, చూసి మరీ తెచ్చా.”

ఆయన స్నానానికి వెళ్ళాక ఆ తొట్టిని వంటింటి కిటికీ కిందికి దొర్లించుకొచ్చి బోర్లించా. కిటికీ చట్రం చాటున పడుతున్న నాలుగంగుళాల కుండీని తీసి దాని మీద పెట్టా. పొద్దుటి వెలుతురు ఆకుకి సరిగ్గా అందింది.

మావారు తల తుడుచుకుంటూ వచ్చి చూసి, సంతృప్తిగా తలాడించారు.

“చూశావా, పెద్దది కొనడం ఎంత మంచిదైందో!”

“చాలా మంచిదైందండీ. ఇంతకంటే చిన్నదైతే ఎత్తు సరిపోయేది కాదు” అన్నా.